ఏడవనివ్వండి

సంపాదకులకు,

అమ్మ పోయిన పదో రోజున నాన్నకు గుండెనొప్పి వచ్చింది. పరీక్షలు చేస్తే రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. పట్టరాని దుఃఖంతో గుండె కండరం ఒక్కసారిగా నీరసించిందని డాక్టర్ చెప్పారు. జపాన్ వైద్యులు 1990లో దీనికి టకోట్సుబో అని పేరు పెట్టారు. అప్పుడు గుండె ఎడమ భాగం ఉబ్బి, జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే టకోట్సుబో అనే కుండలా కనిపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాలకే మళ్లీ మామూలవుతుంది. 'గుండె పగిలింది' అన్నది ఉత్త మాట కాదని ఆ రోజు తెలిసింది.

ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద టెన్షన్‌తో వణికిపోతుంటే, పక్కనున్న పెద్దావిడ తన శాలువా తీసి నాకు కప్పింది. "ఏడ్చెయ్ నాయనా, ఫర్వాలేదు" అంది. పేరు కూడా అడగలేదు. ధైర్యంగా ఉండమని ఫోన్లో చాలామంది చెప్పారు, నాకు ఊపిరి తిరిగింది మాత్రం ఆవిడ వల్లే. ఆత్మ గురించి పెద్దలు ఎన్నో చెబుతారు. నాకది ఆ శాలువా వెచ్చదనంలో తగిలింది.

కుంగిపోయినవాళ్లకు వెంటనే ధైర్యం నూరిపోయకండి, కాసేపు పక్కన కూర్చోండి. నాన్న ఇప్పుడు అమ్మ మొక్కలకు తనే నీళ్లు పోస్తున్నారు. మధ్యలో ఆగి ఏడుస్తారు. మేం ఆపడం లేదు.

- ఒక పాఠకుడు