‘జీవచ్ఛవం’ అన్న మాట వెనక్కి తీసుకోండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోషకాహార వారోత్సవాలు ముగిసిన మర్నాడు మీ జిల్లా పేజీలో వచ్చిన రెండు వార్తల గురించి ఈ ఉత్తరం. పన్నెండు రోజులైపోయింది. ఆ రోజే రాద్దామని కూర్చుంటే, కోపం తగ్గాక రాయమని మా ఆయన ఆపారు. కోపం తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

పేజీ పైన పెద్ద ఫొటో. కూరగాయలతో వేసిన ముగ్గు, చిరుధాన్యాల లడ్డూలు, వేదిక మీద వరసగా అధికారులు, వాళ్ల భుజాల మీద శాలువాలు. అదే పేజీలో కింద మూలన, మంచం మీదున్న కొడుక్కి గొట్టంలోంచి ఆహారం పోస్తున్న ఒక తల్లి ఫొటో. దానికి మీరు పెట్టిన శీర్షిక ‘జీవచ్ఛవంలా కొడుకు’. లోపల ‘దయనీయం’ అని రెండుసార్లు, ‘నరకం’ అని ఒకసారి రాశారు. ఆరేళ్లుగా ఆ బిడ్డను బతికించుకుంటున్న తల్లి రోజుకు ఎన్నిసార్లు పోస్తోంది, ఏం పోస్తోంది, ఎవరు నేర్పారు, ఆమె ఎప్పుడు నిద్రపోతోంది? ఒక్క వాక్యం లేదు. ఫొటోలో ఉన్నది ముక్కు గొట్టమో పొట్ట గొట్టమో కూడా తెలియడం లేదు. బ్యాంకు ఖాతా నంబరు మాత్రం ఉంది. సాయం అడగడం తప్పని నేననను. కానీ సాయం రావాలంటే బతికున్న మనిషిని శవం అనాలా?

నేను ఇరవై తొమ్మిదేళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి నిరుడు విరమణ పొందాను. సెప్టెంబరు 1 నుంచి 7 వరకు జరిగే ఈ వారోత్సవాలు నాకు కొత్త కాదు. ఆ ముగ్గులు నేనూ వేయించాను, ఆ లడ్డూలు నేనూ చుట్టాను. పిల్లల బరువు తూచి, బాలామృతం పంచి, గర్భిణులకు గుడ్లు లెక్కపెట్టి ఇచ్చాను. అందులో ఒక్క పనీ వృథా అనను. కానీ ఇన్నేళ్లలో ఏ సెప్టెంబరులోనూ, నోటితో తినలేని మనుషులు కూడా ఈ జిల్లాలో ఉన్నారని వేదిక మీద ఎవరూ అనగా వినలేదు. నేనూ అనలేదు. మా ఇంటికి వచ్చేదాకా నాకూ తెలియదు.

మా ఆయన దర్జీ. నాలుగేళ్ల కిందట నోటి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, జబ్బు తగ్గింది, మింగడం పోయింది. మొదట మూడు నెలలు ముక్కులోంచి రైల్స్ ట్యూబు. తర్వాత పొట్టకు రంధ్రం చేసి పెగ్ ట్యూబు పెట్టారు. ఈ పద్ధతి 1979లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో మొట్టమొదట ఒక పసిబిడ్డకు చేశారట. అప్పటినుంచి ఎన్ని దేశాల్లో ఎంతమంది దీంతో చదువుకున్నారో, ఉద్యోగాలు చేసుకున్నారో! మీ విలేకరి ఒక్క డాక్టరును అడిగినా చెప్పి ఉండేవారు.

మా ఇంట్లో పొద్దున ఆరింటికి మొదలు. రాగి జావ, పెసరపప్పు కట్టు, ఉడికించిన గుడ్డు పాలలో మిక్సీ పట్టి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టింది, మెత్తటి అరటిపండు. పూటకు 250 మిల్లీలీటర్లు, రాత్రి పదింటిలోగా ఏడుసార్లు. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టాలి. ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాత ఆహారం, మళ్లీ నీళ్లు. సిరంజిని ఎత్తి పట్టుకుని దానంతట అది దిగేలా చూడాలి, తొయ్యకూడదు. పోశాక అరగంటైనా పడుకోనివ్వకూడదు, లేకపోతే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాత్ర సరిగ్గా నూరకపోతే గొట్టం జామ్ అవుతుంది. రంధ్రం చుట్టూ చర్మం రోజూ కడిగి పొడిగా తుడవాలి. మొదటి నెల నా చేతులు వణికేవి. ఇప్పుడు మా పక్క వీధిలో పక్షవాతం వచ్చిన పెద్దాయన కోడలికి నేనే నేర్పాను.

మరి మా ఆయన? ఉదయం తొమ్మిదింటికి మిషన్ దగ్గర కూర్చుంటారు. బ్లౌజులు కుట్టడం తగ్గించారు కానీ మానలేదు. గొట్టం బట్టల కింద వేలాడి లాగేస్తోందని, మెత్తటి కాటన్‌తో నడుముకు బెల్టు కుట్టుకున్నారు. గొట్టం మడిచి పెట్టుకోవడానికి దానికి చిన్న జేబు. చెకప్‌కు వెళ్లినప్పుడు అది చూసి మరొకాయన అడిగితే ఆయనకూ కుట్టారు. ఇప్పటికి ముప్పై దాకా కుట్టి ఉంటారు, పైసా తీసుకోలేదు. సంక్రాంతికి అరిసెల పాకం వచ్చిందో లేదో ఇవాళ్టికీ ఆయనే చూస్తారు. నీళ్లలో రెండు చుక్కలు వేసి వేలితో ఉండ చుట్టి, చాలు దించమని చెయ్యి ఊపుతారు. ఆ అరిసె ఆయన తినరు. మనవలు తింటుంటే చూస్తారు. ఈయన్ని చూసి జీవచ్ఛవం అనగలరా మీరు?

బయటి కష్టాలు వేరు. బస్సులో సిరంజి తీస్తే చుట్టూ ఉన్నవాళ్లు జరిగి కూర్చుంటారు. పెళ్లికి వెళ్తే ‘పాపం, ఏం తింటాడని వచ్చాడు’ అన్నవాళ్లున్నారు. ఖైనీ నమిలాడు, అనుభవిస్తున్నాడు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఖైనీ మానేసి ఇప్పుడు దుకాణానికి వచ్చే కుర్రాళ్లందరికీ గొట్టం చూపించి మరీ వద్దని చెప్పేది ఆయనే.

అధికారుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఉచితంగా జరిగింది, ఆ మేలు మరవను. 2023 డిసెంబరు నుంచి ఆ పథకాన్ని పది లక్షలకు పెంచారు, సంతోషం. కానీ ఇంటికొచ్చాక నెలనెలా అయ్యే ఖర్చు మాది. గొట్టంలో పోయడానికి షాపులో దొరికే డబ్బా పొడి మీదే ఆధారపడితే పెద్ద మనిషికి దాదాపు రోజుకో డబ్బా కావాలి. దర్జీ ఇంట్లో అది జరిగే పనా? డాక్టరు చీటీ మీద రాస్తారు, మందుల షాపులో అమ్ముతారు, కానీ చట్టం లెక్కలో అది మందు కాదు, ఆహారం. 2016 నాటి ఆహార భద్రత నిబంధనల్లో దాని పేరే ప్రత్యేక వైద్య అవసరాల ఆహారం. ప్రాణం నిలబెట్టేది అదే అయినప్పుడు మందుకిచ్చే సాయం దానికెందుకు ఇవ్వరు?

పింఛను కోసం వైకల్య ధ్రువపత్రానికి క్యాంపుకు వెళ్లాం. ‘కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా’ అన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. మింగలేకపోవడం అందులో లేదు. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వాళ్లకు సంరక్షకుల భత్యం అన్న మాట ఉంది. మా పక్క వీధి పెద్దాయన కోసం ఆ మాట పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే, ‘ఏ జీవో?’ అని నన్నే అడిగారు. చట్టం వచ్చి ఇన్నేళ్లయ్యాక జీవో సంగతి కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పాలా, అర్జీ పట్టుకొచ్చిన ముసలమ్మ చెప్పాలా?

రెండేళ్ల కిందట శ్రావణమాసంలో, రాత్రి పదకొండింటికి గొట్టం ఊడి చేతికొచ్చింది. కొన్ని గంటల్లోనే ఆ రంధ్రం పూడుకుపోవచ్చని డిశ్చార్జి రోజు మాకు ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చి పంపారు. ఆటోలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లు దాన్ని ఎప్పుడూ చూడలేదన్నారు. హైదరాబాద్ వెళ్లమన్నారు. దాదాపు రెండు వందల కిలోమీటర్లు. తెల్లవారి చేరేసరికి రంధ్రం మూసుకుపోయింది, మళ్లీ మొదటినుంచి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఏ కుటుంబమూ పడకూడదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక్క నర్సుకు ఈ పని నేర్పడం ఎంత ఖర్చు? మన రాష్ట్రంలోనే ‘ఆలన’ బండ్లలో తిరిగే నర్సులు మంచాన ఉన్న రోగుల ఇళ్లకు వెళ్లి ఎంత ఓపిగ్గా చేస్తారో చూశాను. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఆ బండి ఒకటుందని ఎన్ని ఊళ్లకు తెలుసు? అది రాయండి మీ పేజీలో.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఈ మధ్య ఫోన్‌లో ఒక సంగతి చెప్పింది. అక్కడ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ దగ్గర ఓలీ ఫౌండేషన్ అని ఉందట. 1983లో లిన్ హోవార్డ్ అనే డాక్టరమ్మ, ఆవిడ దగ్గర వైద్యం పొందుతున్న ఓల్డెన్‌బర్గ్ అనే రోగి కలిసి పెట్టారు. ‘ఓలీ’ అన్నది ఆ రోగి ముద్దుపేరే. గొట్టం ద్వారానో, నరంలోకి ఎక్కించుకునో ఇంట్లోనే పోషణ పొందుతూ ఏళ్ల తరబడి ధైర్యంగా బతుకుతున్నవాళ్లను, వాళ్లను చూసుకునేవాళ్లను ఏటా సమావేశంలో పిలిచి అవార్డులిస్తారట. ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దర్జీని, దర్జీ భార్యను ఒక వేదిక మీదికి పిలిచి, మీరు చేస్తున్నది గొప్ప పని అనే ఊరు కూడా ఉందన్నమాట.

జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్‌లో, తార్నాకలోనే ఉంది. పోషణ గురించి దేశానికి చెప్పే సంస్థ పక్కన పెట్టుకుని మనం ఈ పని చేయలేమా? వచ్చే సెప్టెంబరులో మండలానికి ఒక్కరిని పిలవండి. వేదిక మీద కుర్చీ వేయండి. గొట్టంతో బతుకుతున్న మనిషినీ, పూటపూటకూ సిరంజి పట్టుకునే తల్లినో భార్యనో కోడలినో పక్కపక్కన కూర్చోబెట్టండి. వాళ్ల చేత రెండు మాటలు మాట్లాడించండి. కలెక్టరు గారికి ఈ సంగతి నేను విడిగా అర్జీ పెట్టుకుంటున్నాను. శాలువా అధికారులకు ఒక ఏడాది కప్పకపోయినా ఏమీ కాదు.

మీ పత్రిక మా ఇంటికి ముప్పై ఏళ్లుగా వస్తోంది. ఒకప్పుడు అక్షరం తప్పు పడినా మర్నాడు సవరణ వేసేవారు. ఇప్పుడు మనిషినే తప్పుగా రాశారు. ఆ శీర్షికకు సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో.

ఆ తల్లి చిరునామా మీ విలేకరి దగ్గర ఉంటుంది కదా. ఆ అబ్బాయికి ఉన్నది పొట్ట గొట్టమైతే నడుము కొలత కనుక్కుని పంపమనండి. మా ఆయన బెల్టు కుట్టి పంపుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచర్,
ఖమ్మం జిల్లా