పెట్రోల్, డీజిల్ అంటిన బట్టలు ఇచ్చేవారికి మా లాండ్రీ నుంచి ఒక మాట

ఇకమీదట ఇంధనం ఒలికిన బట్టలను మిగతా మూటలో కలపొద్దు. వాటిని విడిగా తీసుకుంటాం, తిరిగివ్వడానికి 4 రోజులు పడుతుంది. కౌంటర్ దగ్గర "ఏం ఫర్వాలేదు, పోతుంది" అనేయడం మా అలవాటు. అది తప్పు. కొన్నిటికి పోదు.

ఆలస్యానికి ముఖ్య కారణం డ్రయ్యర్. ఈ బట్టలను అందులో వేయం. ఉతికాక కూడా పోగుల్లో కాస్త ఇంధనం మిగిలిపోవచ్చు. పెట్రోల్ అయితే సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరి వదులుతుంది. మూసిన డ్రమ్ములో ఆ ఆవిరికి వేడి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే తాడు మీద గాలికే ఆరాలి. వాసన ఉన్నంతసేపు ఇస్త్రీ పెట్టె కూడా తాకించం.

ఇంట్లో మీరు చేయాల్సిన మొదటి పని ఉతకడం కాదు, ఆరుబయట వేలాడదీయడం. కనీసం 24 గంటలు, పొయ్యికీ సిగరెట్టుకూ దూరంగా. పాలిథీన్ కవర్లో కట్టి తెచ్చారంటే ఆవిరి బయటికి పోలేక బట్టంతా పాకుతుంది. ఒంటి మీదే బాగా ఒలికితే ముందు నీళ్లతో తడిపి, తర్వాత విప్పండి. పొడిగా లాగితే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది.

పెట్రోల్ త్వరగా ఎగిరిపోతుంది, మరక తక్కువ. డీజిల్‌తోనే అసలు తంటా. అది బరువైన నూనె, గాలికి తొందరగా పోదు. పాత గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. రుద్దితే రూపాయి బిళ్లంత మరక అరచేతంత అవుతుంది. దానిపైన కార్న్‌ఫ్లోర్‌గానీ టాల్కం పౌడర్‌గానీ మందంగా చల్లి అరగంట ఉంచండి. పొడి ముద్దకట్టిందంటే నూనె పీల్చినట్టే. దులిపేసి మళ్లీ చల్లండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా వేసి, వేళ్లతో మెల్లగా పట్టించి 15 నిమిషాలు ఆగండి. బట్ట లేబుల్ ఎంత వేడికి ఒప్పుకుంటే అంత వేడినీళ్లలో, వేరే బట్టలు కలపకుండా ఉతకండి.

వాసన మిగిలితే 5 లీటర్ల నీళ్లలో అర కప్పు వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి మళ్లీ ఉతకండి. అందులో వెనిగర్ కూడా పోస్తారు కొందరు. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నురగ తప్ప మిగిలేది లేదు. బ్లీచ్ జోలికి వెళ్లొద్దు, అది నూనెను కరిగించదు. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ కూడా ఇప్పుడు వద్దు, పోగుల మీద పూతలా పట్టి వాసనను లోపలే ఉంచేస్తుంది.

పోయిందో లేదో చూడాలంటే ఆరిన బట్టను 10 నిమిషాలు ఎండలో వేడెక్కనిచ్చి జేబు మూలలు, అంచు మడతలు వాసన చూడండి. రెండు పొరలున్న చోటే డీజిల్ దాక్కుంటుంది. ఉతికినవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోయి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఇంకొకరిని చూడమనండి. మేమూ అంతే, ఉతికినతనూ చూసేతనూ వేరు.

నూలు బట్ట రెండు మూడు ఉతుకులకు దారికొస్తుంది. పాలిస్టర్ నూనెను పట్టుకుని వదలదు, జిమ్ టీషర్టులకు హామీ ఇవ్వలేం. సాగే ఎలాస్టిక్, రబ్బరు పూత వేసిన రెయిన్‌కోట్లు ఇంధనానికి ఉబ్బి పాడవుతాయి, వాటిని తీసుకోం. డ్రై క్లీనింగ్ బట్టల్ని గాలికి ఆరేశాకే తెండి. ఆ యంత్రంలో ఒకే ద్రావకం తిరిగి తిరిగి వాడతాం, మీ కోటు వాసన పక్కవాళ్ల చీరకు పట్టకూడదు కదా.

ఇచ్చేటప్పుడు రెండు విషయాలు చెప్పండి: ఒలికింది పెట్రోలా డీజిలా, ఇంట్లో ఇప్పటికే డ్రయ్యర్‌లోగానీ ఇస్త్రీ కిందగానీ పెట్టారా. వేడి తగిలిన డీజిల్ మరక వదలడం కష్టం, అది ముందే తెలిస్తే ఉన్నమాట కౌంటర్ దగ్గరే చెప్పేస్తాం.