గంజాయి: సమాచారం ఇవ్వాలి, పిల్లల్ని దాచొద్దు

సంపాదకులకు,

ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా వచ్చే గంజాయికి వరంగల్, కాజీపేట జంక్షన్ దారిలోనే ఉన్నాయి. తనిఖీలు పోలీసులు చూసుకుంటారు. కాలనీవాళ్లు చేయాల్సింది వేరే ఉంది. అమ్మకం కంటపడగానే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఆ సంగతి ముందుగా అమ్మేవాడికే చేరుతుంది, అడ్డా మారుతుంది, పెట్టిందెవరో బయటపడుతుంది. మత్తుపదార్థాల సమాచారం ఇచ్చే తెలంగాణ పోలీసు టోల్‌ఫ్రీ నంబరు 1908కు ఫోన్ చేసి స్థలం, వేళ, బండి నంబరు చెబితే చాలు.

ఇంట్లో పిల్లవాడు అలవాటుపడితే, కేసవుతుందని దాచడం వల్లే ఎక్కువ నష్టం. మత్తుపదార్థాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ఉన్న వ్యసనపరులు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు స్వచ్ఛందంగా వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చికిత్స పూర్తి చేయకపోతే అది రద్దు కావచ్చు. కౌన్సెలింగ్‌కు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది.

మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, అన్నం సయించదు, చీటికిమాటికి కోపం వస్తుంది. అది చూసి తిట్టి, గదిలో పెట్టి తాళం వేస్తే బయటికి రాగానే పాత జట్టులోకే పోతాడు. రెండు వారాలకు కాస్త తేరుకోగానే ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఆపేస్తారు. దయచేసి ఆపొద్దు, మళ్లీ మొదలయ్యే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

ఈ రెండు నంబర్లూ బస్టాపుల్లో, ఇంటర్ కాలేజీల గేట్ల పక్కన పెద్ద అక్షరాలతో రాయించాలని నగరపాలక సంస్థను కోరుతున్నాం.

– కాలనీవాసులు, హనుమకొండ