నక్షత్రాలు కదలడం సహజమే సర్!

కస్టమర్ కేర్ అధిపతి గారికి,

విషయం: డిసెంబరులో కొన్న స్టార్ ట్రాకర్, ఏప్రిల్ దాకా సాగిన మీ '48 గంటలు'

అయ్యా,

నా ఫిర్యాదు టికెట్ నంబరు నాకు కంఠతా వచ్చేసింది. ఒకటి కాదు, మూడు. మొదటి రెండింటినీ 'సమస్య పరిష్కారమైంది' అని మీవాళ్ళే మూసేశారు. ఎవరి సమస్యో మాత్రం రాయలేదు.

ఓరియన్ నక్షత్రరాశిలో ఉండే వాయుమేఘాన్ని, అంటే ఓరియన్ నిహారికను ఫోటో తీద్దామని, కెమెరాను నక్షత్రాల వెంట మెల్లగా తిప్పే మీ ట్రాకర్ కొన్నాను. దాని మోటారు ఆగి ఆగి తిరుగుతోంది. యంత్రమన్నాక పాడవుతుంది, అందుకు నేనేమీ అనను. నా కడుపుమంట వేరే.

మొదటిసారి ఫోన్ చేస్తే లెన్స్ తుడవమన్నారు. తుడిచాను. రెండోసారి ఇంకెవరో ఎత్తి, కథంతా మొదటి నుంచి చెప్పించుకుని, మళ్ళీ లెన్స్ తుడవమన్నారు. మూడో ఆయన ఫోటో పంపమన్నాడు. 30 సెకన్ల ఎక్స్‌పోజర్, అంటే అంతసేపూ షట్టర్ తెరిచి ఉంచి తీసిన ఫోటో, ఒకటి పంపాను. నిహారిక నడిమధ్యలో ట్రెపీజియం అని నాలుగు చుక్కలుంటాయి. చుట్టూ ఉన్న వాయువు వెలిగేదే వాటి అతినీలలోహిత కాంతికి. నా ఫోటోలో ఆ నాలుగూ అతుక్కుపోయి ఒకే చీపురుపుల్ల అయ్యాయి. అది చూసి ఆయన ఇచ్చిన జవాబు: "భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు కదలడం సహజమే సర్, అది డిఫెక్ట్ కిందకు రాదు." అయ్యా, ఆ తిరుగుడుకు సరిపెట్టడానికే కదా మీరు ఈ పెట్టె అమ్మేది! గొడుగు కారుతోందంటే, వాన పడటం సహజమే అన్నట్టుంది.

తర్వాత వీడియో అడిగారు. చలిలో వణుకుతూ అర్ధరాత్రి తీసి పంపాను. "వీడియో చీకటిగా ఉంది, లైట్లు వేసి తీయండి" అని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ ప్రింటు తీసి దాచుకున్నాను.

ఆ తర్వాత అంతా 'సీనియర్ టీమ్' భాగోతం. ఆ టీమ్‌ను చూసినవాళ్ళు లేరు. 48 గంటల్లో వాళ్ళే ఫోన్ చేస్తారట. మీకు తెలుసో లేదో, ఏ నక్షత్రమైనా రోజూ సుమారు 4 నిమిషాలు ముందే అస్తమిస్తుంది. మీవాళ్ళు '48 గంటలు' అన్న ప్రతిసారీ నాకు 8 నిమిషాలు పోయాయి. డిసెంబరులో అర్ధరాత్రి నడినెత్తికి వచ్చిన ఓరియన్, ఇప్పుడు చీకటి పడేసరికే పడమటికి వాలిపోతోంది. ఇంకొన్నాళ్ళకు సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. మళ్ళీ వేకువన కనబడాలంటే ఆగస్టు రావాలి.

1880లో హెన్రీ డ్రేపర్ అనే అమెరికా ఖగోళ పరిశీలకుడు ఇదే నిహారికను దాదాపు 50 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో గాజుపలక మీదకు ఎక్కించాడు. ఆయన మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు, అదృష్టవంతుడు.

నా మొదటి టెలిస్కోపూ మీదే. 9 ఏళ్ళయింది, ఇప్పటికీ బాగానే ఉంది. నా మాట నమ్మి నలుగురు స్నేహితులు మీ దగ్గరే కొన్నారు. వాళ్ళిప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు. మోటారు మారుస్తారో, డబ్బు వాపసిస్తారో, అది మీ ఇష్టం. కానీ ముందు, విషయం తెలిసిన మనిషి ఒక్కరు, తన పేరు చెప్పి నాతో మాట్లాడాలి. లేదంటే మూడు టికెట్లు, ఆ చీకటి వీడియో, లైట్లు వేయమన్న మెయిల్ అన్నీ కట్టగట్టి వినియోగదారుల కోర్టులో పెడతాను. అక్కడ లైట్లు వేసే చూపిస్తాను.

దయచేసి దీనికి నాలుగో టికెట్ నంబరు పంపకండి.

ఇట్లు,
9 ఏళ్ళుగా మీ కస్టమర్