మరక తీయండి, మోకు తీయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చిల్లర అంగడి నడుపుకుంటున్నాను. పాత ఫోటోలు బాగుచేయించుకునే వాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి నాకు జరిగింది రాస్తున్నాను.

1976లో మా చిన్నాయన పెళ్లప్పుడు తీసిన నలుపు తెలుపు ఫోటో ఇంట్లో ఉంది. మిద్దె ముందర నులక మంచం మీద మా అవ్వ, తాత. మిద్దె కారి ఫోటో సగం మరకలు పడింది, ఒక మూల అద్దానికి అతుక్కుపోయింది. స్టూడియోలో ఇస్తే 800 రూపాయలన్నారు.

వారం తర్వాత చేతికొచ్చిన ఫోటో చూసి మా అమ్మ "ఇదెవురు?" అనింది. నల్లటి మా అవ్వ పాలతో కడిగినట్టు మెరిసిపోతోంది. అది సరే, వెనకాల ఏమీ లేదు! నీలం తెర. అడిగితే అక్కడి పిల్లోడు "వెనక అంతా గలీజుగా ఉందన్నా, అందుకే తీసేసినా" అన్నాడు. వాడి మీద కోపం లేదు. అందరూ అట్లే అడుగుతారంట.

వాడు గలీజన్నది ఏమిటంటే, గోడకు చుట్టగా వేలాడే కపిలి మోకు. రెండెద్దులు వాలులో కిందికి నడిస్తే ఆ మోకు బావిలోంచి నీళ్ల బానను పైకి లాగేది. అది తెగిందంటే ఆ పూట మడి తడవదు. పక్కన కుప్పపోసినది చౌడు మట్టి. వానలకు ముందే మిద్దె మీద పరిచి తొక్కాలి. (ఏదో ఏడు మేము బద్ధకించినట్టున్నాం, ఫోటో మరకలే సాక్ష్యం.) వాకిట్లో ఆరబోసినవి కొర్రలా సజ్జలా అని ఇంట్లో ఇంకా వాదన. నాకైతే కొర్రలే. ఇప్పుడెటు చూసినా బుడ్డల (వేరుశనగ) చేలే కదా, పిల్లలు ఏ గింజ చూసి గుర్తుపడతారు?

అదృష్టంకొద్దీ మొదట చేసిన స్కాన్ ఉంది. రంగులొద్దు, మరకలు మాత్రం తీయమన్నాను. అంగడిలో గల్లాపెట్టె పైన తగిలిస్తే, బెల్లం కోసం వచ్చిన ఒక ముసలామె బెల్లం మరిచి అరగంట నిలబడింది. కిత్తనారతో ఆ మోకు పేనింది వాళ్ల నాయనేనంట.

స్టూడియో వాళ్లకు నా మనవి ఒకటే: వెనక ఉన్నది తీసేముందు ఇంటివాళ్లను అడగండి. ఇచ్చేవాళ్లు కూడా అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకొద్దు, బొమ్మ పొర లేచిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. వెనక పేర్లు పెన్సిల్‌తో, మెల్లగా రాసుకోండి. మీ జిల్లా పేజీలో వారానికొక పాత ఫోటో వేసి "వీళ్లెవరు?" అని అడిగితే ఇంకా మంచిది.

మా ఫోటోలోనే తలుపు సందులోంచి తొంగిచూసే పిల్లోడెవరో ఇంతవరకు తేలలేదు. మా చిన్నాయన అది తానే అంటాడు. ఆరోజు పెళ్లికొడుకు ఆయనే.

ఇట్లు,
ఒక అంగడి యజమాని, కళ్యాణదుర్గం మండలం