ఒకే మోడల్ నంబరు, లోపల వేరే మిషన్: 400 ఆంప్స్ వెల్డింగ్ ఇన్వర్టర్లపై ఫిర్యాదు

ఆటోనగర్, గాజువాక,
విశాఖపట్నం.

కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి, క్వాలిటీ విభాగం అధిపతి గారికి,

విషయం: త్రీఫేజ్ 400 ఆంప్స్ ఆర్క్ ఇన్వర్టర్. డెమోలో చూపిన మిషన్‌కీ సరఫరా చేసిన మిషన్లకీ లోపలి తయారీలో ఉన్న తేడా. మార్పిడి లేదా సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఆటోనగర్‌లో సొంత షెడ్లు నడుపుకుంటున్న చిన్న ఫ్యాబ్రికేటర్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మీ డీలరు డెమోకి తెచ్చిన మిషన్ ఒకటి, డబ్బు కట్టాక మా షెడ్లకి దిగిన మిషన్లు ఇంకొకటి. డబ్బా అదే, రంగు అదే, మోడల్ నంబరు అదే, రేటింగ్ ప్లేటు మీద అంకెలూ అవే. మూత విప్పితే మాత్రం రెండింటికీ పోలిక లేదు. లోపల సరుకు మార్చారు, ప్లేటు మార్చలేదు, మాకు చెప్పలేదు. మా ఫిర్యాదు ఇదే.

ప్లేటు చూసి మిషన్ కొనే అలవాటు మాకు లేదు. 400 ఆంప్స్ అని రాయడానికి స్టిక్కరు ఉంటే చాలు. హీట్ సింక్ (లోపలి వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మ) ఎంత లావుంది, వైండింగ్ రాగిదా అల్యూమినియందా, ఫ్యాన్ గాలి బోర్డు మీదుగా పోతోందా పక్కనుంచి పోతోందా, బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) బోల్టులకి స్ప్రింగ్ వాషర్లు ఉన్నాయా, ఇవన్నీ చూసి కొంటాం. మీ డెమో మిషన్‌ని ఇంకో రెండు కంపెనీల మిషన్ల పక్కన పెట్టి, మూడింటి మూతలూ విప్పించి చూశాం. ధరలో మీదే ఎక్కువ. అయినా మీదే తీసుకున్నాం, లోపలి పనితనం బాగుందని. అదనంగా కట్టిన సొమ్ము ఆ పనితనానికే. మీరు తీసేసిందీ సరిగ్గా దాన్నే.

మొదట అనుమానం వచ్చింది బరువు దగ్గర. డెమో మిషన్ ఇంకా డీలరు దగ్గరే ఉంది కాబట్టి రెండూ కాటా మీద పెట్టించాం. కొత్తది సుమారు 4 కిలోలు తేలిక. ఇన్వర్టర్‌లో బరువంతా హీట్ సింక్, మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్, ఔట్‌పుట్ చోక్ (బయటికొచ్చే కరెంటుని నిలకడగా ఉంచే చుట్ట), ఈ మూడింట్లోనే ఉంటుంది. అందుకే మీ డీలరు టెక్నీషియన్ ఎదురుగానే మూత తీశాం. సీలు తీశారు కాబట్టి వారంటీ పోయిందని తర్వాత ఎవరూ అనకుండా ఆయన సంతకం కూడా తీసుకున్నాం. మెయిన్ తీసేసి, కెపాసిటర్ల మీద మల్టీమీటర్ పెట్టి, వోల్టేజ్ పూర్తిగా దిగిందని చూశాకే లోపల చెయ్యి పెట్టాం.

డెమో మిషన్‌లో చోక్ రాగి పట్టీతో చుట్టి ఉంది. కొత్తవాటిలో పైన వార్నిష్ గీస్తే తెల్లగా తేలింది: అల్యూమినియం. అల్యూమినియం అనగానే చెడ్డదని మేము అనం. కరెంటు మోసే శక్తి రాగిలో 61 శాతమే కాబట్టి, అదే పని చెయ్యాలంటే పట్టీ 1.6 రెట్లు లావుండాలి. అలా లావు పెంచి, జాయింట్లు పద్ధతిగా చేస్తే నడుస్తుంది. మీరు కోర్ మార్చలేదు, విండో (కోర్‌లో చుట్ట పట్టే ఖాళీ) మార్చలేదు, పట్టీ మందం మార్చలేదు. అంటే చోక్ రెసిస్టెన్స్ 1.6 రెట్లు పెరిగింది, అంత వేడీ పెరిగింది. ఆ అల్యూమినియం చివర్ని నేరుగా రాగి బస్‌బార్‌కి బోల్టు చేశారు. మధ్యలో బైమెటల్ వాషరు (ఒక వైపు రాగి, రెండో వైపు అల్యూమినియం ఉండేది) లేదు, జాయింట్ కాంపౌండ్ లేదు. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. వేడెక్కి చల్లారినప్పుడల్లా అది బోల్టు కింద కొంచెం కొంచెం నలిగి పట్టు వదులుతుంది. రెండు లోహాలు కలిసిన చోట తేమ చేరితే తినేస్తుంది. ఒక మిషన్‌లో ఆ బోల్టు చుట్టూ అప్పుడే తెల్ల పొడి కట్టింది. ఫోటో జతపరిచాం.

ఔట్‌పుట్ సాకెట్ వెనక భాగం దయచేసి మీరే ఒక మిషన్ విప్పి చూడండి. బస్‌బార్ ముఖం సాకెట్ ఇత్తడి ముఖానికి నేరుగా ఆనాలి, ఆ తర్వాత ప్లెయిన్ వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. వెల్డింగ్ పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే నేర్పే వరస ఇది. మీ కొత్త మిషన్లలో బస్‌బార్‌కీ సాకెట్‌కీ నడుమ ఇనప వాషరు పెట్టి బిగించారు. స్ప్రింగ్ వాషరు అసలే లేదు. వెల్డింగ్ కరెంటు మొత్తం ఆ పల్చటి జింక్ పూత వాషరు గుండా పోవాలి. అక్కడ ఒక్క మిల్లీఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా 300 ఆంప్స్‌లో 90 వాట్ల వేడి పుడుతుంది. ఫ్యాన్ గాలి తగలని మూలలో, ప్లాస్టిక్ ప్యానెల్‌కి ఆనుకుని ఆ 90 వాట్లు. మా దగ్గర ఒక మిషన్ ముందు ప్యానెల్ సాకెట్ చుట్టూ ఎందుకు పసుపు రంగు తిరిగిందో అప్పుడు అర్థమైంది. మీ సర్వీస్ ఇంజనీరు అది కేబుల్ లగ్గు లూజువల్ల అని రాశారు. లగ్గు లూజయితే బయట ప్లగ్గు మాడాలి. మా ప్లగ్గు శుభ్రంగా ఉంది, మాడింది లోపలి వైపు.

ఇక డ్యూటీ సైకిల్, అంటే మిషన్ ఎంతసేపు కాలగలదు, ఎంతసేపు ఆరాలి అనే లెక్క. ప్లేటు మీద 400 ఆంప్స్, 60 శాతం, 40 డిగ్రీల సెంటీగ్రేడ్ అని రాశారు. వెల్డింగ్ మిషన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60974-1 ప్రకారం లెక్క 10 నిమిషాలకి. అంటే చుట్టూ గాలి 40 డిగ్రీలున్నా 400 ఆంప్స్‌లో 6 నిమిషాలు కాలాలి, 4 నిమిషాలు ఆరాలి, ఇలా తిరుగుతూ ఉండాలి. చల్లగా ఉన్న మిషన్‌ని మొదటిసారి నడిపితే చాలా మిషన్లు పాసవుతాయి. ఆ మొదటి రౌండు లెక్కలోకి రాదు. లోపలి వేడి ఒక చోట నిలకడపడేదాకా తిప్పి అప్పుడు చూడాలి. మేము అలాగే చూశాం. రెసిస్టెన్స్ గ్రిడ్ లోడు, ఆ కరెంటుకి ప్రమాణం చెప్పే 36 వోల్టుల దగ్గర, రెండు మిషన్లకీ ఒకే సప్లై, ఒకే కేబుళ్లు. కరెంటు చూసింది డీసీ కొలిచే టాంగ్ టెస్టర్‌తో (కేబుల్ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు). మామూలు ఏసీ టాంగ్ టెస్టర్ ఇక్కడ పనికిరాదు. షెడ్డులో 33 డిగ్రీలే ఉంది, అంటే ప్రమాణం కంటే 7 డిగ్రీలు మిషన్‌కి అనుకూలం.

డెమో మిషన్ 6 నిమిషాలూ నిలబడింది. కొత్త మిషన్ వేడి నిలకడపడ్డాక సుమారు 3 నిమిషాలకే ట్రిప్ అవుతోంది. 10లో 3 అంటే 30 శాతం. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి లెక్క తేలికే: 60 శాతం దగ్గర దీని నిజమైన రేటింగు సుమారు 280 ఆంప్స్, ఆగకుండా నడిపితే 220 ఆంప్స్ లోపు. మీ ప్లేటు 100 శాతం దగ్గర 310 ఆంప్స్ అంటోంది. 5 ఎంఎం రాడ్డుతో మందం ప్లేటు నింపేవాళ్లకి, కార్బన్ రాడ్డుతో గౌజింగ్ (మెటల్‌ని కరిగించి గాడి తోడడం) చేసేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు. గౌజింగ్ మధ్యలో మిషన్ ఆగితే కార్బన్ మెటల్‌కి అంటుకుంటుంది. ఆ చోటు గట్టిపడి గ్రైండర్‌తో తియ్యడం కూడా కష్టమవుతుంది, అంతా తోడి మళ్లీ నింపాలి.

అసలు ట్రిప్ అవ్వడమే మేలనిపించే సంగతి ఒకటుంది. థర్మోస్టాట్‌ని ఫ్యాన్ వైపు హీట్ సింక్ అంచున పెట్టారు, అంటే ఆ హీట్ సింక్‌లో అన్నిటికంటే చల్లని చోట. డెమో మిషన్‌లో అది ఐజీబీటీ మాడ్యూల్ (కరెంటుని స్విచ్ చేసే ప్రధాన భాగం) పక్కనే ఉంది. ఫ్యాన్ వైపు పెడితే మాడ్యూల్ మాడే వేడికి వచ్చాక గాని థర్మోస్టాట్‌కి తెలియదు. అంటే మేము కొలిచిన 3 నిమిషాలు కూడా మాడ్యూల్‌కి ఎక్కువే అయి ఉండొచ్చు. డీసీ బస్ కెపాసిటర్లు కూడా 105 డిగ్రీల రకం నుంచి 85 డిగ్రీల రకానికి మారాయి. 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని మీ డిజైన్ విభాగానికి మేము చెప్పనక్కర్లేదు.

విశాఖలో ఉన్నవాళ్లకి అన్నిటికంటే బాధ కలిగించేది బోర్డు సంగతి. డెమో మిషన్‌లో ఫ్యాన్ గాలి సొరంగంలాంటి దారిలో హీట్ సింక్ మీదుగానే పోతుంది. కంట్రోల్ బోర్డు ఆ దారికి బయట, నిలువుగా, రెండు వైపులా లక్కలాంటి పూతతో ఉంది. కొత్తవాటిలో ఆ సొరంగం రేకు తీసేశారు. బోర్డు అడ్డంగా పడుకోబెట్టారు, పూత పైవైపు మాత్రమే, అదీ రిలే కాళ్ల దగ్గర వదిలేశారు. ఫ్యాన్ లాగిన ప్రతిదీ ఇప్పుడు బోర్డు మీద వాలుతుంది. గ్రైండింగ్ పొడి అంటే ఇనప పొడే, కరెంటు మోసే పొడి. దానికి ఇక్కడి ఉప్పుగాలి తోడు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని లాక్కుని తడిగా మారుతుంది. సముద్రం పక్కనున్న ఈ ఊళ్లో తెల్లవారుజామున ఆ తేమ మామూలే. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల పనికి, గంగవరం పోర్టు వైపు పనికి తీసుకెళ్లిన మిషన్లలో బోర్డు మీద ఆకుపచ్చ తుప్పు అప్పుడే మొదలైంది. పొద్దున్నే ఆన్ చెయ్యగానే ఎర్రర్ లైటు వెలగడం, గంటసేపు ఎండలో పెడితే మామూలవడం, ఇవి తేమ లీకేజీ లక్షణాలు. దీనికి మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన జవాబు: "ఉప్పుగాలి వల్ల వచ్చే లోపం వారంటీలోకి రాదు." మీ బ్రోచర్‌లో షిప్‌యార్డు పనులకి అనువైనదని మీరే రాశారు. ఉప్పుగాలి లేని షిప్‌యార్డు ఎక్కడుంది?

డిస్‌ప్లే గురించి. కొత్త మిషన్లలో డిస్‌ప్లే చూపించేది నాబ్‌తో మనం పెట్టిన విలువ, నిజంగా పారే కరెంటు కాదు. 4 ఎంఎం 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో డిస్‌ప్లేలో 180 ఉండగా టాంగ్ టెస్టర్‌లో 155 వచ్చింది. కేబుల్ పొడవు దీనికి కారణం కాదు. 50 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ రానూపోనూ 60 మీటర్లున్నా 200 ఆంప్స్‌కి పోయేది నాలుగున్నర వోల్టులు, అంత డ్రాప్ తట్టుకోవడానికే ఇన్వర్టర్ కొంటాం. పరవాడ ఫార్మా సిటీలో పైపు పనులకి వెల్డింగ్ ప్రొసీజర్‌లో రాసిన ఆంపియర్ రేంజిలోనే వెయ్యాలి, ఇన్‌స్పెక్టర్ డిస్‌ప్లే చూసి రాసుకుంటారు. అంకె 180, వేడి 155 ఆంప్స్‌ది. స్లాగ్ చిక్కుకుని, అంచులు కలవక రేడియోగ్రఫీలో జాయింటు పోతే పేరు పోయేది వెల్డరుది.

ఎర్త్ గురించి రెండు ముక్కలే రాస్తాం, కాని ముందు సరిచెయ్యాల్సింది ఇదే. బాడీ ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకలేదు, పళ్ల వాషరు లేదు. ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య ఓమ్స్ చూస్తే అంకె నిలవడం లేదు, ప్యానెల్ తడితే మారిపోతోంది. తడి డెక్ మీద, ఇనప హల్ లోపల కూర్చుని పనిచేసే మనిషి ప్రాణం ఆ బోల్టు మీద ఉంది.

సప్లై వోల్టేజ్ బాగాలేదని మీ ఇంజనీరు రిపోర్టులో ఉంది. మిషన్ లోడు మీద ఉండగా మూడు ఫేజుల మధ్య మేము కొలిచింది 400 నుంచి 425 వోల్టులు. మీ ప్లేటు ప్రకారమే ఇది హద్దుల్లో ఉంది. పైగా అదే సప్లై మీద డెమో మిషన్ నడిచింది.

మేము కోరేవి ఇవి. మా దగ్గరున్న మిషన్లన్నీ వెనక్కి తీసుకుని డెమో తయారీలో ఉన్నవి ఇవ్వండి, లేదా పూర్తి సొమ్ము వాపసు చెయ్యండి. బోర్డు మార్చి, పూత కొట్టి ఇస్తామంటే ఒప్పుకోం, చోక్, హీట్ సింక్ అలాగే ఉంటాయి కాబట్టి. అంతవరకు ఎర్త్ బోల్టు, సాకెట్ వాషర్లు సరిచెయ్యడానికి మీ మనిషిని వెంటనే పంపండి. ఇప్పుడు అమ్ముతున్న తయారీకి సంబంధించిన టైప్ టెస్టు (ప్రమాణం ప్రకారం నమూనా మిషన్‌పై చేసే పరీక్ష) రిపోర్టు, ఏ సీరియల్ నంబరు నుంచి లోపల మార్పు జరిగిందో ఆ వివరం రాతపూర్వకంగా ఇవ్వండి. మీ మిషన్లు కొన్నవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు, వాళ్లకీ తెలియాలి. ఇకముందు లోపల ఏది మార్చినా మోడల్ నంబరు చివర ఒక అక్షరం చేర్చండి. తక్కువ ధరకి తేలిక మిషన్ అమ్మడం తప్పు కాదు. 280 ఆంప్స్ అని రాసి అమ్మితే అవసరమున్నవాళ్లు కొనుక్కుంటారు.

1930 వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, నమూనా చూపించి, వివరం చెప్పి అమ్మిన సరుకు ఆ రెండింటికీ సరిపోవాలి. సొంత కష్టంతో పొట్ట పోసుకోవడానికి కొన్న మిషన్ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వాణిజ్య అవసరంగా లెక్కకు రాదు, కేసు మేముండే విశాఖలోనే వెయ్యొచ్చు. అంతదాకా పోవాలని మాకు లేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మీ రాతపూర్వక జవాబు కోసం చూస్తాం. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం.

రెండు మిషన్ల లోపలి ఫోటోలు, కాటా చీటీలు, డీలరు టెక్నీషియన్ సంతకం చేసిన టెస్టు కాగితం, బిల్లుల నకళ్లు జతపరిచాం. డెమో మిషన్, ఒక కొత్త మిషన్ మూతలు తీసి డీలరు షెడ్డులోనే పక్కపక్కన ఉంచాం. మీ క్వాలిటీ విభాగం నుంచి ఎవరొచ్చినా అదే లోడు మీద మళ్లీ నడిపి చూపిస్తాం.

ఇట్లు,
ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్లు,
గాజువాక, విశాఖపట్నం.