మాయాబజార్, కంచరపాలెం గురించి నా మాట

అందరికీ నమస్కారం. నిన్న ఇష్టమైన సినిమాలు చెప్పమన్నారు కదా, పనిలో ఉండి రాయలేకపోయాను.

నాకు ఎప్పటికీ మొదటిది కె.వి.రెడ్డి గారి మాయాబజార్. 1957లో వచ్చిన సినిమా, ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందరూ వివాహ భోజనంబు గురించే చెబుతారు. నన్ను కట్టిపడేసేది మాత్రం సావిత్రి గారు. 'అహ నా పెళ్ళి యంట' పాటలో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు ఆమెలా సిగ్గుపడుతూనే ఉన్నట్టుండి తన అసలు తీరులోకి వచ్చేస్తాడు. సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు వస్తుంది. ఆ క్షణంలో సావిత్రి గారి చూపు, నిలబడే తీరు మొత్తం మారిపోతాయి. ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి.రంగారావు గారి ఠీవి ఆమెలో కనిపిస్తుంది! అంత గొప్ప నటన నేను ఇంకెక్కడా చూడలేదు.

2010లో రంగుల్లో కూడా విడుదల చేశారు. నాకు నలుపు తెలుపే ఇష్టం. 'లాహిరి లాహిరి' పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ చూపించిన వెన్నెలకి రంగు అక్కర్లేదు.

ఈ మధ్య వచ్చినవాటిలో అయితే కేరాఫ్ కంచరపాలెం (2018). విశాఖలో ఆ పేటవాళ్లే చాలామంది నటించారు, అందుకే మాట ఎక్కడా అతికించినట్టు ఉండదు. పెళ్లికాని రాజు, ఆఫీసర్ రాధ మధ్య స్నేహం చూసి కళ్లు చెమర్చాయి. చూడనివాళ్లు తప్పకుండా చూడండి. చూసినవాళ్లు దయచేసి ముగింపు ఇక్కడ చెప్పకండి.

పెద్ద ఫైట్ల సినిమాలు నేనూ చూస్తాను, కానీ ఆ హోరులో మాటలు వినపడకపోతే నాకు కథ మీద మనసు నిలవదు.

ఆదివారం మా ఇంట్లో మాయాబజార్ వేస్తున్నాను. వచ్చేవాళ్లు చెప్పండి, పిల్లల్ని కూడా తీసుకురండి.